ఎనిమిదవ మెట్టుపై కట్టడి

నాగావ్‌లోని మా యింటి మేడగదిలో వారమునకొక సాయంకాలము ఆరుగురు యువకులు బల్లచుట్టు కూర్చుండి కథ ఆడుచుందురు. చెప్పుట గాదు, వినుటయు గాదు, ఆడుటయే. వీథిలో సాంచాల చప్పుడు ఎడతెగక వినవచ్చుచుండగా వీరు మేడపై కొండగుహలలో రాక్షసులను వెదకుచుందురు. గడచిన వానకాలమున ఆ బల్లయొద్ద ఒక వివాదము పుట్టినది. కథ నడపు మా మనుమడు కట్టడి యొకటి చేసెను: ఈ కథలో ఏ పాత్రయు 8వ లెవెలు దాటరాదు. ముగ్గురు తలయూపిరి. ఒకడు మాటాడలేదు. ఐదవవాడు తన కాగితమును బల్లపై పడవైచి లేచి నిలిచెను.

"తాతా, నువ్వే చెప్పు, గిది న్యాయమా?" అని అందరును మెట్లు దిగి మాయొద్దకు వచ్చిరి. మేము అప్పటికప్పుడే తీర్పు చెప్పితిమి. కట్టడి ఎత్తివేయవలెనంటిమి, కష్టించినవాడు పైకి పోవలెను, పోనీయని పద్ధతి చెడ్డపద్ధతి యంటిమి. ఆ తీర్పు మేము తరువాత మార్చుకొంటిమి. ఈ సంచికకు సాహిత్యమును గూర్చి యేదైన వ్రాయుమని సంఘమువారు కోరగా, ఏ పాతప్రబంధమునో పట్టుకొనుటకంటె ఆ మార్పునకు కారణము చెప్పుటయే మేలని తోచినది.

ఆటను సాహిత్యమని యెట్లనవచ్చునని పెద్దలు కొందరు అడుగవచ్చును. కాశీమజిలీ కథలలో మణిసిద్ధుడు మజిలీ మజిలీకి కథ చెప్పును, గోపబాలుడు వినును. ఆ వినువాడు నడుమ అడ్డుపడి, ఆ రాజకుమారుని స్థానమున నేనున్నచో ఎడమదారి పట్టుదునని యనెననుకొందము. మణిసిద్ధుడు కాదనక ఎడమదారి కథయే చెప్పవలసివచ్చెననుకొందము. అదియే ఈ యాట.

దీని పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రపు లేక్ జెనీవా అను చిన్న పట్టణమునుండి 1974లో మూడు చిన్న పుస్తకములుగా వెలువడినది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు కర్తలు. వీరు మొదట బల్లపై బొమ్మసైన్యములను నిలిపి యుద్ధములాడువారు. సైన్యమునంతను నడుపుటకు బదులు ఒక్కొక్క ఆటగాడు ఒక్కొక్క వీరుని చేపట్టినచో ఎట్లుండునను తలంపునుండి ఈ క్రొత్త యాట పుట్టినది. ఒకడు కథ నడపును. అడవి, ఊరు, శత్రువు, వర్షము అన్నియు వాడే. మిగిలినవారు తమ తమ పాత్రలు ఏమి చేయునో చెప్పుదురు. అగునో కాదో తేల్చుటకు 20 ముఖముల పాచిక వేయుదురు. పాత్ర బలము, ప్రాణము, విద్య, సంచిలోని వస్తువులు ఒక కాగితముపై వ్రాసియుండును. గెలుపు లేదు, ఓటమి లేదు. నెలల తరబడి, ఏండ్ల తరబడి ఒకే కథ నడచుటయు గలదు.

పాత్ర రాక్షసులను జయించినకొలది, సాహసకార్యములు నెరవేర్చినకొలది అనుభవపు లెక్క పెరుగును. ఆ లెక్క నిండినప్పుడెల్ల ఒక లెవెలు, అనగా ఒక మెట్టు, ఎక్కును. గుమాస్తాపని చేసినవారమగుటచే ఈ పట్టిక మాకు వెంటనే బోధపడినది. ఇప్పుడు వాడుకలోనున్న లెక్కప్రకారము 2వ మెట్టునకు 300 చాలును. 5వ మెట్టునకు 6,500 కావలెను. 8వ మెట్టునకు 34,000. చివరిదగు 20వ మెట్టునకు 3,55,000. మెట్టెక్కినకొలది ప్రాణపు లెక్కయు, ఆయుధనేర్పును, మంత్రములును పెరుగును.

మన వైకుంఠపాళిలోను నిచ్చెనలున్నవి. పందెము పడినవాడెక్కును, పాము మ్రింగినవాడు దిగును. అయితే అచట పరమపదము చేరినవానికి ఆట ముగిసినది. పైన వానికి చేయవలసిన పని యేదియు లేదు. ఈ యాటలో పైకి చేరినవాడు ఇంకను ఆడవలెను. చిక్కంతయు ఇక్కడనే యున్నది.

మా మనుమడు ఇంతకుముందు నడపిన కథ యొకటి 14వ మెట్టువద్ద అర్ధాంతరముగ ఆగిపోయినది. కారణమడుగగా వాడు చెప్పిన సంగతి విమర్శకులు వినదగినది. మొదటి మెట్టున మంత్రవేత్తకు ఒక ఏటిని దాటుటయే కథ. 5వ మెట్టున వానికి ఎగురు మంత్రము వచ్చును. ఏరు, కోటగోడ, లోయ కథనుండి తొలగిపోయినవి. 13వ మెట్టున తలచినచోటికి తలచినంతనే పోవు మంత్రము వచ్చును, అడవియు పోయినది. వీడు మూడు వారములు శ్రమపడి అడవిపటము గీసి, దారిలో సత్రము, సత్రములో దొంగ, దొంగకు చెల్లెలు, ఆమెకొక కథ అన్నియు సిద్ధము చేసికొని కూర్చుండగా, ఒకడు "మేము రాజధానికి చేరినాము" అని ఒక్క వాక్యమున అదంతయు తుడిచివైచెను. తప్పు వానిది గాదు. వానికి ఆ మంత్రమున్నది. 17వ మెట్టున కోరినది కోరినట్లు జరుగు మంత్రమే యున్నది. అది వచ్చినపిదప కథ చెప్పువాడు ఏమి చెప్పవలెను?

మన కథలకు ఈ సంగతి బాగుగ తెలియును. 1951లో విజయా సంస్థ కె. వి. రెడ్డిగారి దర్శకత్వమున తీసిన పాతాళభైరవిని చూడనివారు మనలో అరుదు. తోటరాముడు ఉజ్జయినీ రాజకుమార్తెను వలచిన తోటమాలి బిడ్డ. వాని చేతికి భైరవి ప్రతిమ వచ్చినది. కోరినదెల్ల ఇచ్చు ప్రతిమ. పైన చెప్పిన 17వ మెట్టు మంత్రమే యనుకొనుడు. వాడు కోరెను, మేడ వచ్చెను, సిరి వచ్చెను, రాజు పిల్లనిచ్చుటకు ఒప్పుకొనెను. అంతటితో ఏ కష్టమును లేక పెండ్లి జరిగియున్నచో ఆ చిత్రమును డెబ్బదియేండ్లకు పైబడి మనము తలచుకొనుచుందుమా? పింగళి నాగేంద్రరావుగారు కథ కట్టుట తెలిసినవారు. సంజీవనితో లేచిన నేపాళ మాంత్రికుని చేతికి ఆ ప్రతిమను మరల చేర్చిరి. మేడ మాయమైనది, పిల్ల మాయమైనది, రాముడు మరల వట్టి రాముడైనాడు. అచ్చటినుండి చివరివరకు వాని చేతనున్నవి కాళ్లు, తెలివి, అంజివంటి స్నేహితుడు. మాంత్రికుడు అన్నియు గలవాడు. మా చిన్ననాట టూరింగు టాకీసులో చూచినప్పుడు, రాముడు వట్టిచేతుల నిలిచిన ఘట్టమున జనమంతయు ఊపిరి బిగబట్టుట మాకు జ్ఞప్తి. వాడు ప్రతిమను పొందినప్పుడు ఈల వేసినవారే వాడు దానిని పోగొట్టుకొన్నప్పుడు ముందుకు వంగి చూచిరి.

మాయాబజారు మాటయేమని యెవరైన అడుగవచ్చును. అది 1957లోనిది, దర్శకుడును వారే. ఘటోత్కచునకు హద్దెక్కడ? శశిరేఖవేషము వేయును, ఊరినే కల్పించును, భోజనమంతయు తానే మ్రింగును. నిజమే. కాని అచట మనకు భయమెవరినిగూర్చియు లేదు, నవ్వుకొనుటకు వచ్చినారము. హాస్యమునకు హద్దులేని శక్తి చెల్లును. ఎంత మితిమీరిన అంత నవ్వు. వీరమునకు అది చెల్లదు. మేడగదిలోని పిల్లలు ఆడునది వీరము.

ఇక భారతమునకు వత్తము. కురుక్షేత్రమున అందరికంటె మిక్కిలి మెట్టున నున్నవాడు ఎవడు? శ్రీకృష్ణుడు. ఆయన కత్తిపట్టినచో యుద్ధపర్వములు లేవు. ఒక పూటతో ముగియును. అందుచే ఆయుధము పట్టనను మాట ఉద్యోగపర్వముననే ఆయనచేత చెప్పించినారు. దుర్యోధనుడు సేనను కోరెను, అర్జునుడు ఆయుధములేని కృష్ణుని కోరెను. ఇది కథకొరకు వేసిన కట్టడి. ఇది యున్నందుననే, భీష్ముని బాణములకు పాండవసేన చెదరునప్పుడు ఆయన రథమునుండి దూకి మీదికురికిన క్షణము మనకు ఒళ్లు గగుర్పొడుచును. తిక్కనగారి భీష్మపర్వమున ఈ ఘట్టము చదివినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. హద్దు లేనివాడు చక్రము పట్టిన అందులో వింతయేమి? పట్టనన్నవాడు పట్టబోయినాడు, అర్జునుడు వెంటబడి ఆపినాడు, రసమంతయు అందున్నది.

ఇంత తెలిసియు ఆ రాత్రి కట్టడి తీసివేయుడని మేము ఏల చెప్పితిమి? దానికి కారణము సాహిత్యము గాదు, జీతము. మేము ఉద్యోగమున చేరిన దినములలో చిన్న గుమాస్తా స్కేలు 260తో మొదలై 400తో ముగిసెడిది, నడుమ ఇ.బి. అను రెండక్షరముల అడ్డుకట్టలు రెండు. మా ప్రక్కబల్ల పెద్దమనిషి ఆ పైహద్దు తాకి ఏండ్లు గడపెను. ప్రతియేడు ఇంక్రిమెంటు నెలలో కాగితములు అందరివి పైకి పోయెడివి, ఆయనది పోదు. ఆయన ఆ నెలంతయు ఎవరితోను సరిగా మాటాడెడివాడు కాడు. పిల్లవాడు 8వ లెవెలనగానే మాకు ఆ ముఖము కనబడినది. తీర్పు చెప్పినది ఆ ముఖము.

మరునాడు మనుమని పుస్తకములను, వానికి తెలిసిన చరిత్రను అడిగి తెలిసికొంటిమి. అందులో మా కోపమునకు మరింత సమిధ దొరకినది. 1974నాటి మొదటి పుస్తకములలోనే మెట్లపై కట్టడి యున్నది. కాని అది అందరికి గాదు. మనుష్యపాత్రకు హద్దు లేదు. మరుగుజ్జు జాతివాడగు డ్వార్ఫ్ యోధుడుగా 6వ మెట్టుతో ఆగవలెను. హాబిట్ అను పొట్టివాడు 4వ మెట్టుతో. ఎల్ఫ్ అను వనజాతివాడు యోధుడుగా 4, మంత్రవేత్తగా 8. ఎంత ఆడినను, ఎన్ని సాహసములు చేసినను ఇంతే. ఆ జాతులవారికి చీకటిలో చూపు మొదలగు పుట్టుకవరములున్నవి గాన, హద్దు లేనిచో మనుష్యపాత్రను ఎవరును ఎన్నుకొనరని గైగాక్స్ వాదము. ఈ పద్ధతి అంకెలు మారుచు 26 ఏండ్లు నిలిచి, 2000లో వచ్చిన మూడవ కూర్పుతో పోయినది.

ఆ వాదము ఆటలెక్కకు సరిపోవచ్చును. కథగా చూచినచో మాకు అది బొత్తిగ నచ్చలేదు. పుట్టుకను బట్టి మెట్టు నిర్ణయించుట మనకు తెలియని విద్యయా? నన్నయగారి ఆదిపర్వమున ఏకలవ్యుడున్నాడు. వాని విద్యకు హద్దు లేదు, అర్జునుని మించినాడు. అప్పుడు వాని హద్దు బొటనవ్రేలి రూపమున అడుగబడినది. ఆ కథ చదివినవాడు ద్రోణుని మెచ్చుకొనలేడు. వ్యాసుని మెచ్చుకొనును, ఏలయన ఆ కట్టడి అన్యాయమని కథయే చెప్పుచున్నది. నియమముల పుస్తకము అట్లు చెప్పదు. "హాబిట్, 4" అని పట్టికలో వ్రాసి ఊరకుండును. నేతపని చేయువారి బిడ్డలమగు మనము, ఊరు విడిచి, తెలంగాణమునుండి ఈ భివండికి వచ్చి సాంచాలయొద్ద నిలిచిన కుటుంబములవారము, అట్టి పట్టికను చదివినప్పుడు ఆట యని నవ్వి ఊరకొనజాలము.

ఈ యావేశముతో మా తీర్పే సరియని మనుమనికి చెప్పబోతిమి. వాడు ఓపికగా విని, "తాతా, అది ఒకరికి పెట్టిన హద్దు. నేను పెట్టింది అందరికి" అనెను. ఆ మాటకు వెంటనే బదులు తోచలేదు.

వాడింకొక మాట చెప్పెను. ఎందుకు 8? ఏడు గాదు, పది గాదు? 9వ మెట్టున పూజారిపాత్రకు మృతులను లేపు మంత్రము వచ్చును. 5వ మెట్టుననే ఒక మంత్రమున్నది గాని అది ప్రాణము పోయిన ఒక్క నిమిషములోపల చేయవలెను. 300 బంగారునాణెముల వెలగల వజ్రములు అందులో కరగిపోవును. అది సరే, తొందరలో కాపాడుట వంటిది. 9వ మెట్టుదానికి 500 నాణెముల వజ్రము చాలును, చచ్చి 10 దినములైనను లేపవచ్చును. 13వ మెట్టునకు పోయినచో నూరేండ్లనాటి శవమునైనను లేపవచ్చును. "చచ్చినోడు పైసలు పెడితే లేస్తే ఇగ కథేముంది?" అని వాని ప్రశ్న. మృతసంజీవని శుక్రాచార్యునిచేత నున్నంతకాలము దేవాసురయుద్ధమునకు అర్థము లేకపోయెను గదా. కచుని పంపక తప్పినది గాదు. ఈ పిల్లవాడు శుక్రుని విద్యను కథలోనికే రానీయనన్నాడు. మేము మొదటిసారి వాని కట్టడిలో జీతపుస్కేలును గాక కథకుని చేయి చూచితిమి.

అయినను కాగితము పడవైచిన యువకుని సంగతి మిగిలినది. మేము అతనిని దురాశాపరుడనుకొంటిమి. ఒక్క వారమును మానక వచ్చి, అందరికంటె లెక్క పెంచుకొనినవాడు, ఇంకను పైకి పోగోరుచున్నాడని. మూడు దినముల తరువాత అతనినే అడిగితిమి. ముందడుగవలసినది, తీర్పరులము, తీర్పు చెప్పిన తరువాత సాక్ష్యము విన్నారము.

మాటాడక కూర్చున్నవాడొకడున్నాడంటిమి గదా. అతడు ఈ బల్లయొద్దివారిలో చదువు మానినవాడు. సాంచాలయొద్ద పండ్రెండుగంటల పాళీ, ఒక వారము పగలు, ఒక వారము రాత్రి. రాత్రిపాళీ వచ్చినప్పుడు ఆటకు రాలేడు. రానివారి పాత్రను మిగిలినవారు నడుపుట ఈ బల్ల అలవాటు. ఒక వారము అట్లే అతని యోధపాత్రను వీరు నడపిరి, ఇరుకుదారిలో ముందు నిలబెట్టిరి, పాత్ర చచ్చినది. మరుసటివారము అతడు వచ్చి కాగితము చూచికొని ఏమియు ననలేదట. ఈ బల్ల నియమముప్రకారము క్రొత్త పాత్ర 3వ మెట్టునుండి మొదలు. మిగిలినవారు 7వ మెట్టున నుండగా అతని క్రొత్త మంత్రవేత్త 4వ మెట్టున, 22 ప్రాణపు లెక్కతో, వెనుక వెనుక నడచుచుండెను. శత్రువు వేయు అగ్నిగోళమొకటి యున్నది. దానికి ఆరుముఖముల పాచికలు 8 వేయుదురు, సగటున 28 దెబ్బ. తప్పించుకొనలేకున్నచో 7వ మెట్టు యోధుడు గడ్డము కాలినదని నవ్వును, ఇతడు కూలును.

నాడు ఆ యోధుని ముందు నిలబెట్టినవాడు, కాగితము పడవైచిన యీ యువకుడే. ఇతనిది పూజారిపాత్ర. ఆ దినమునుండి ఆ యోధుని శవమును బండిపై వేసికొని వీరు ఊరూరు తిరుగుచున్నారు. శవము చెడకుండ కాపాడు చిన్న మంత్రమొకటి ఈ యాటలో నున్నది. అది 10 దినములు నిలుచును, ఆ దినములు మృతుడైన కాలపు లెక్కలో చేరవు. ఇతడు ప్రతి 10 దినములకు మరువక దానిని చేయుచు, 9వ మెట్టు ఎప్పుడు వచ్చునా యని చూచుచున్నాడు. వచ్చినచో స్నేహితుని పాత్రను స్నేహితునికి తిరిగి యిచ్చివేయవచ్చును. "నా లెవెల్ నాకెందుకే తాతా. ఆని మనిషిని ఆనికి ఇద్దామని" అనెను.

మనుమనికి ఈ ఉద్దేశము తెలియదు. తెలిసినచో కట్టడి చేయునా యని మేమడుగలేదు.

ఇప్పుడు విమర్శకుని పని. కట్టడివలన ఎవరికి మేలు, ఎవరికి కీడు? రాత్రిపాళీ యువకునికి మేలు. ఇది లెక్కతోనే తేలును. రాక్షసుని జయించిన అనుభవము అక్కడనున్నవారికందరికి సమముగ పంచుదురు. పైహద్దు లేనిచో అతడెంత ఎక్కినను, ప్రతివారము వచ్చు నలుగురును ఎప్పుడును ముందే యుందురు. బల్లయొద్ద అతడు ఎల్లకాలము వెనుకనడచువాడే. 34,000 వద్ద అందరు ఆగినచో అతడును ఒకనాటికి అక్కడకు వచ్చి వారి సరసన నిలుచును. ఆఫీసులోని పైహద్దు మా ప్రక్కబల్ల పెద్దమనిషిని తన తోడివారినుండి విడదీసినది. ఈ పైహద్దు విడిపోవుచున్నవారిని కలుపును. రెండింటికిని పేరొకటే గాని పని వేరు. మా తొలితీర్పులోని పొరపాటు ఇదియే.

కీడు పూజారిపాత్రవానికి. అతని కోరిక న్యాయమైనది, అతనికి సమాధానము చెప్పక కట్టడి నిలుచుట అన్యాయము. ఇట్లు హద్దు పెట్టుకొని ఆడువారు లోకమున ఇంకను గలరు. మూడవ కూర్పు కాలమున ఈ6 అను పద్ధతి యొకటి వ్యాపించినది: 6వ మెట్టుతో ఎదుగుదల ఆగును, ఆపైన లెక్క నిండినప్పుడెల్ల పాత్రకు మెట్టుకు బదులు ఒక చిన్న నేర్పు చేరును. ఎత్తు పెరుగదు, వెడల్పు పెరుగును. పద్మశాలీలమగు మనము మూలపురుషునిగ చెప్పుకొను మార్కండేయునకు ఆయుష్షు పదునారేండ్లని హద్దు పెట్టిరి. శివుడు యముని తన్ని ఆ హద్దు తప్పించెనని చెప్పుకొందుము. కాని సరిగా చూడుడు, ఆయన పదునేడవయేట అడుగిడలేదు. నిత్యము పదునారేండ్లవాడుగనే చిరంజీవియై యున్నాడు. ఆ పదునారులోనే ఎంత తపస్సు, ఎంత పురాణము! మనుమనికి ఈ మాట చెప్పగా ఈ6 పద్ధతిని తన కట్టడికి జతచేయుటకు ఒప్పుకొనెను.

వాని కట్టడిలో మేము చూచిన తప్పులు రెండు. నడుమ చేసినాడు. పాత్రలు 7వ మెట్టునకు వచ్చినపిదప 8 అనుట, పందెము సగము పరుగెత్తినపిదప గీత గీచుట. శ్రీకృష్ణుడు ఆయుధము పట్టనని పక్షము లేర్పడకముందే చెప్పెను, అర్జునుడు తెలిసి యెన్నుకొనెను. వీరు తెలియక కష్టించిరి. ఇది మేము గట్టిగనే చెప్పితిమి; వాడు తలవంచుకొనెను. రెండవది, వాని కథలోని రాక్షసరాజుకు హద్దు పెట్టలేదు. వీరులు 8వద్ద ఆగుదురు, వాడు 15వ మెట్టువానివలె మంత్రములు వేయును. దీనిని మాత్రము మేము పూర్తిగా తప్పనలేము. హిరణ్యకశిపుని మించిన మెట్టువాడు ఎవడు? పగలు గాదు, రాత్రి గాదు, ఇంట గాదు, బయట గాదు. కాని ఆ వరపత్రము చివర గడప యొకటి, సంధ్య యొకటి మిగిలినవి. శత్రువు హద్దు దాటవచ్చును, గడప విడువవలెను. ఆ గడప ఎక్కడనో ముందే వ్రాసి పెట్టుకొనుమని మనుమనికి చెప్పితిమి. వ్రాసినాడట, మాకు చూపలేదు.

శవము సంగతి మిగిలినది. దానిని మేము తీర్చలేదు, బల్లయే తీర్చినది. 9వ మెట్టు లేదని తేలినపిదప ఒక వారము పూజారిపాత్రవాడు, "మంత్రం లేకుంటే మానె, యముని దగ్గరికి తొవ్వ ఉందా ఈ లోకంల?" అని యడిగెనట. కథ నడపువాడు ఉన్నదనవలసివచ్చినది. సావిత్రికి ఏ మెట్టున్నది? ఏ మంత్రమున్నది? వెంట నడచినది, మాటాడినది. 500 నాణెముల వజ్రముతో ఒక గంటలో జరుగవలసిన పనికి ఇప్పుడు ఆరువారములుగా వీరు దారి పట్టియున్నారు. దక్షిణమునకు పోవు దారిలో ఇసుకయెడారి, దానిలో నీరమ్ము ముసలిది, ఆమె అడుగు వెల ప్రతివానికి వేరు. పూజారిని తన మంత్రములలో ఒకటి వదలుకొమ్మనెనట. మంత్రవేత్తను, అనగా రాత్రిపాళీవానిని, పాత యోధుడు లేచి వచ్చినచో నీవు ఏ పాత్రను ఉంచుకొందువు, ఏ పాత్రను నాకు ఇచ్చెదవు అని యడిగెనట.

ఆ ప్రశ్నకు అతడింకను బదులు చెప్పలేదు. ఈ వారము అతనికి రాత్రిపాళీ. అతడు లేక అతని పాత్రను ఇక ఎవరును నడపరాదని క్రొత్త నియమమొకటి చేసికొనిరి గాన, కథ ఆ యెడారిలో ముసలిదాని కుండయొద్దనే ఆగియున్నది. పగటిపాళీ వచ్చు వారము మరల సాగును.